కారుకు కొత్త టైర్లు... ముందుకా? వెనక్కా?

కుక్కర్ గాస్కెట్ వదులైతే మనకు వెంటనే తెలిసిపోతుంది. మిక్సీ జార్ బ్లేడు మొద్దుబారితే తెలుస్తుంది. హవాయి చెప్పుల అడుగు అరిగిపోయి, తడి బండల మీద కాలు సర్రుమని జారితే "రేపే కొత్తవి తెచ్చుకోవాలి" అనుకుంటాం. మరి మన పిల్లల్నీ, మనవల్నీ ఎక్కించుకుని తిరిగే కారు టైరు అరిగిందో లేదో ఎప్పుడైనా వంగి చూశారా? లేదు కదూ! అది మగవాళ్ల పని అని వదిలేస్తాం. నేనూ అలా వదిలేసినదాన్నే. 2024 అక్టోబరు దాకా!

మాది కడప జిల్లా తొండూరు. నల్లరేగడి భూములు. శనగ, పత్తి మీద బతికే ఊళ్లు. మాకొక పాత చిన్న కారుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. పులివెందులకు ఆస్పత్రికైనా, ప్రొద్దుటూరుకు బట్టలకైనా, జమ్మలమడుగుకు పెళ్లికైనా అదే మా వాహనం. ఆ ఏడాది ఎండాకాలంలో "ముందు టైర్లు రెండూ గుండు అయిపోయినాయి" అని మావారు రెండు కొత్త టైర్లు కొన్నారు. నాలుగూ ఒకేసారి మార్చే డబ్బు అప్పుడు చేతిలో లేదు. అంగడిలో వాళ్లు కొత్తవి రెండూ ముందు చక్రాలకు బిగించి పంపారు. వెనక పాతవే. అందరూ చేసేదే గదా అనుకున్నాం.

అక్టోబరులో మా అమ్మాయికి ఏడో నెల. తొలి కాన్పుకు ఇంటికి తెచ్చుకున్నాం. కడపలో డాక్టరమ్మకు చూపించడానికి పొద్దున్నే బయల్దేరాం. పులివెందుల దాటేసరికి ముసురు పట్టింది. వేంపల్లె దాటాక వాన జోరందుకుంది. నేనూ అమ్మాయీ వెనక సీట్లో ఉన్నాం. మావారు మెల్లగానే తోలుతున్నారు, అరవై కూడా లేదు. ఒక మలుపులో ఎదురుగా గొర్రెల మంద కనబడింది. బ్రేకు మీద కాలు పెట్టారు. అంతే! ఎవరో కారు తోక పట్టుకుని పక్కకు ఈడ్చినట్టయింది. కారు గిర్రున తిరిగి, మేము వచ్చిన వేంపల్లె వైపుకే మొహం పెట్టి, రోడ్డు పక్క మట్టిలో ఆగింది.

వెనకాల బస్సో, లారీయో లేకపోవడం మా అదృష్టం. ఎవరికీ దెబ్బ తగల్లేదు. మా అమ్మాయి రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని అలాగే కూర్చుంది. కాసేపు ఎవరికీ నోట మాట రాలేదు. చివరికి మావారే అన్నారు. "కొత్త టైర్లు ఏయించి ఆర్నెల్లు గూడా కాలేదే!"

ఆ మాటే నాకు నిద్ర లేకుండా చేసింది. డబ్బు పెట్టి కొత్తవి వేయించినా ఎందుకు జారింది?

బిగించిన చోటే తప్పు!

వారం తర్వాత ప్రొద్దుటూరులో ముప్పై ఏళ్లుగా టైర్ల పని చేస్తున్న ఒక పెద్దాయన దగ్గరికి పోయాం. ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగి, వెనక టైర్ల మీద వేలుపెట్టి రాసి చూసి, "కొత్త టైర్లు మంచివే తల్లీ. బిగిచ్చిన చోటే తప్పు" అన్నాడు.

"అట్లెట్లా? ఇంజను లాగేది ముందు చక్రాలే, స్టీరింగు తిరిగేది ముందే, మంచివి ముందరే ఉండాల గదా?" అన్నారు మావారు. మీ ఇంట్లోనూ ఇదే మాట అంటారు, కావాలంటే ఈ రాత్రి అడిగి చూడండి!

ఆ పెద్దాయన చెప్పింది నాకు అర్థమైనంతలో చెబుతాను. ముందు చక్రాలు తొందరగా అరుగుతాయన్నది నిజమే. ఇప్పటి చిన్న కార్లలో చాలావాటికి ఇంజను లాగేది ముందు చక్రాలనే. మలుపు తిప్పేదీ అవే. బ్రేకు వేసినప్పుడు బరువు ఎక్కువగా పడేదీ వాటి మీదే. కాబట్టి కొత్తవి కొనాల్సి వచ్చేది ముందు అరిగినవాటి వల్లే. కానీ కొన్నాక ఎక్కడ బిగించాలనేది వేరే లెక్క.

తడి రోడ్డు మీద ముందు చక్రాలు పట్టు తప్పితే, తోలేవాళ్లకు స్టీరింగు తేలికైపోయినట్టు చేతికే తెలుస్తుంది. కారు తిరగాల్సినంత తిరగకుండా నేరుగా పోతుంది. యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీసి వేగం తగ్గితే మళ్లీ పట్టు దొరికే అవకాశం ఉంటుంది. అదే వెనక చక్రాలు పట్టు తప్పితే? చేతికేమీ తెలియదు. తెలిసేలోపే కారు తోక తిరిగిపోతుంది. దాన్ని సరిచేయడం బాగా శిక్షణ ఉన్నవాళ్లకే కష్టం. మనలాంటి వాళ్లకు సాధ్యం కాని పని. మాకు జరిగింది అదే. ముందు కొత్త టైర్లు రోడ్డును గట్టిగా పట్టుకున్నాయి, వెనక అరిగినవి జారాయి.

అందుకే పేరున్న టైర్ల కంపెనీలన్నీ చెప్పే మాట ఒకటే. రెండు టైర్లే కొంటే కొత్త జత వెనక ఇరుసుకే పోవాలి. పాతవాటిలో బాగున్న జత ముందుకు రావాలి. ఇంజను లాగేది ముందు చక్రాలనైనా, వెనక చక్రాలనైనా ఇదే సూత్రం. ముందూ వెనకా వేరే వేరే సైజులుండే కొన్ని పెద్ద కార్లకు మాత్రం ఇలా మార్చకూడదు.

ఆ పెద్దాయన మా కొత్త టైర్లను వెనక్కి మార్చాడు. మాకైన ఖర్చు ఆ కూలి డబ్బులే. "ఈ పాతవి ముందరికి వచ్చినా ఎక్కువ రోజులు పనికిరావు. శనగలు అమ్ముతూనే మార్చండి. అంతవరకు వానలో దూరం పోవద్దండి" అని గట్టిగా చెప్పి పంపాడు.

అరచేయంత చోటే ఆధారం

ఒక్కో టైరు రోడ్డును తాకేది సుమారు మన అరచేయంత మేరే. అలాంటి నాలుగు అరచేతుల మీద మన సంసారమంతా నిలబడి పరుగెడుతుందన్నమాట! టైరు మీద కనిపించే గాళ్లు అందం కోసం పెట్టినవి కావు. చేలో చాళ్ల వెంబడి నీళ్లు పారినట్టు, రోడ్డు మీది వాన నీళ్లు ఆ గాళ్ల గుండా పక్కకు పోవాలి. అప్పుడే రబ్బరు రోడ్డును తాకుతుంది. గాళ్లు అరిగిపోతే నీళ్లు పోయే దారి ఉండదు. వేగం పెరిగేకొద్దీ టైరు కింద నీటి పొర చేరి చక్రం నీళ్ల మీద తేలుతుంది. అప్పుడు బ్రేకూ పనిచేయదు, స్టీరింగూ పనిచేయదు. మన ఇళ్లల్లో కడప బండలు పరిచి ఉంటాయి గదా. పొడి బండ మీద అరిగిన చెప్పులతోనూ నడుస్తాం. నీళ్లు పడితేనే పళ్లు రాలేది!

"మన సీమలో వానలెక్కడివిలే" అని కొట్టిపారేయకండి. 2021 నవంబరు 19న చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లకు ఊళ్లే మునిగింది మన జిల్లాలోనే. ఏడాదంతా ఎండి, వచ్చినప్పుడు కుండపోతగా వచ్చే వాన మనది. పైగా చేలల్లోంచి వచ్చే ట్రాక్టర్ల చక్రాల నల్లరేగడి మట్టి రోడ్డు మీద పడి ఉంటుంది. దాని మీద నాలుగు చినుకులు పడితే సబ్బు నీళ్లు పోసినట్టే.

ఏ టైరు మార్చాలో మీరే చూడండి

దీనికి చదువు అక్కరలేదు. ఒక టార్చిలైటు, పిల్లల జామెట్రీ బాక్సులోని స్కేలు ఉంటే చాలు.

మొదటిది, గాడి లోతు. కొత్త కారు టైరులో గాళ్లు సుమారు 7 నుంచి 8 మిల్లీమీటర్ల లోతు ఉంటాయి. కార్లకు చట్టం ఒప్పుకునే కనీస లోతు 1.6 మిల్లీమీటర్లు. దీన్ని చెప్పడానికి టైరులోనే గుర్తు పెట్టి ఉంటుంది. గాడి అడుగున అక్కడక్కడా అడ్డంగా చిన్న కట్టల్లాంటివి ఉంటాయి. టైరు అంచున చిన్న త్రికోణం గానీ, టి.డబ్ల్యు.ఐ. అనే అక్షరాలు గానీ ఉన్నచోటికి నేరుగా చూస్తే అవి కనిపిస్తాయి. టైరు అరిగి ఆ కట్టలతో సమానమైందంటే దాని పని అయిపోయినట్టే. కానీ అంతవరకూ ఆగవద్దు. వానాకాలంలో 3 మిల్లీమీటర్లకు వచ్చినప్పుడే మార్చుకోవడం మంచిదని తెలిసినవాళ్లు చెబుతారు. ఒక అగ్గిపుల్లను గాడిలో నిలువుగా దించి, గోటితో గుర్తు పెట్టుకుని, స్కేలు మీద కొలవండి. ఒక్క చోట కాదు, మధ్యలో, రెండు అంచుల్లో కొలవాలి.

రెండోది, వయసు. ఇది చాలామందికి తెలియదు. వాడకుండా డబ్బాలో దాచిన కుక్కర్ గాస్కెట్ కూడా కొన్నేళ్లకు గట్టిపడి పెళుసుబారుతుంది, చూశారు గదా. టైరుదీ అదే కథ. పక్క గోడ మీద డి.ఓ.టి. అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగంకెలు ఉంటాయి. 1523 అని ఉంటే 2023వ సంవత్సరం 15వ వారంలో తయారైందని అర్థం. ఒక వైపు కనబడకపోతే రెండో వైపు చూడాలి. అయిదేళ్లు దాటిన టైరును ఏటా తెలిసినవాళ్లకు చూపించాలి. గాళ్లు బాగున్నా పదేళ్లు దాటినదాన్ని ఇక నమ్మకూడదు. మా డిక్కీలోని స్టెప్నీ ఒక్కసారి కూడా రోడ్డెక్కలేదు, తళతళలాడుతోంది. "ఇది కొత్తదే గదా, దీన్నేస్తే ఒక టైరు డబ్బు మిగుల్తుంది" అన్నాను నేను, తెలివిగా! పెద్దాయన అంకెలు చదివించాడు. 0912. అంటే 2012లో పుట్టింది. వంచి చూపిస్తే సన్నని పగుళ్లు, ఎండిన చెరువు మట్టి మాదిరి!

మూడోది, పక్క గోడలు. టైరు పక్కన ఎక్కడైనా పూరీలా ఉబ్బి ఉంటే, లోపలి దారాలు తెగాయని అర్థం. గాళ్లు ఎంత బాగున్నా, టైరు ఎంత కొత్తదైనా అది ఇక కారుకు ఉండకూడదు. గుంతలో దబ్బున పడ్డప్పుడు ఇలా అవుతుంది. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు బండల లారీలు తిరిగే దారుల్లో రాతి ముక్కల అంచులు తగిలి పక్క గోడ చీలడమూ ఉంది. మధ్య భాగంలో కంపముల్లు గుచ్చుకుని పంచరైతే బాగు చేయించుకోవచ్చు గానీ, పక్క గోడకు పడిన పంచరును అతికించి వాడకూడదు.

నాలుగోది, అరిగిన తీరు. నడిమధ్య మాత్రమే అరిగిందంటే గాలి ఎక్కువ పెడుతున్నారని గుర్తు. రెండు అంచులూ అరిగాయంటే గాలి తక్కువ. ఒక్క అంచే అరిగిందంటే వీల్ అలైన్‌మెంట్ తప్పింది. ఆ లోపం సరిచేయకుండా కొత్త టైరు వేస్తే, పాలు విరిగిన గిన్నె కడక్కుండా మళ్లీ పాలు పోసినట్టే. అదీ చెడిపోతుంది.

ఒకటా, రెండా, నాలుగా?

ఇక అసలు లెక్క. మన చేతిలో ఉన్న డబ్బుకు ఎన్ని మార్చాలి?

నాలుగూ కట్టల దాకా అరిగితే నాలుగూ మార్చాల్సిందే. అందులో బేరం లేదు.

రెండు అరిగి, రెండు బాగుంటే జతగా రెండు కొనండి. కొత్త జత వెనక్కి, పాత బాగున్న జత ముందుకు. అరిగినవి ముందున్నా వెనకున్నా ఇంతే.

ఒక్కటే పాడైతే, దాని జోడీ ఇంకా కొత్తదానిలా ఉంటే ఒక్కటే కొనవచ్చు. అదే కంపెనీది, అదే సైజుది, అదే రకం గాళ్లున్నది తీసుకోవాలి. జోడీ సగం అరిగి ఉంటే మాత్రం రెండూ మార్చడం మేలు. ఒకే ఇరుసుకు ఒక పక్క కొత్తది, ఒక పక్క అరిగినది ఉంటే, ఒక కాలికి కొత్త చెప్పు, ఇంకో కాలికి పాత చెప్పు వేసుకుని నడిచినట్టు బండి ఒక పక్కకు లాగుతుంది.

అసలు ఈ బాధే లేకుండా నాలుగూ సమానంగా అరగాలంటే ఒక ఉపాయముంది. సుమారు ఎనిమిది, పది వేల కిలోమీటర్లకొకసారి ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్పించడం. కారుతో ఇచ్చే పుస్తకంలో ఎలా మార్చాలో బొమ్మ వేసి ఉంటుంది. మన ఇళ్లల్లో ఆ పుస్తకం ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా భద్రంగా ఉంటుంది గదా, ఈసారి తెరవండి!

కొనేటప్పుడు...

చీర కొనేటప్పుడు అంచు తిప్పి చూస్తాం, బంగారం కొనేటప్పుడు హాల్‌మార్క్ చూస్తాం. టైరుకూ అలాగే చూడాలి. మన దేశంలో అమ్మే కారు టైరు మీద ఐ.ఎస్.ఐ. ముద్ర ఉండాలి. తయారైన వారం, సంవత్సరం అంగట్లోనే చదవండి. మూడు నాలుగేళ్లు గోదాములో పడి ఉన్నదాన్ని కొత్తది అని ఇస్తే వద్దనండి.

సైజు కూడా చూడాలి. ఉదాహరణకు చిన్న కార్లకు వాడే ఒక సైజు 145/80 ఆర్12 74టి. అంటే వెడల్పు 145 మిల్లీమీటర్లు. పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 80 శాతం. ఆర్ అంటే రేడియల్. 12 అనేది రిమ్ము అంగుళాలు. 74 అనే అంకె ఆ టైరు 375 కిలోల దాకా మోస్తుందని చెప్పే గుర్తు. టి అనేది వేగపు హద్దు. మన కారుకు ఏ సైజు కావాలో డ్రైవరు తలుపు దగ్గర అతికించిన కాగితం మీద గానీ, పుస్తకంలో గానీ ఉంటుంది. "ఇది కొంచెం తేడా అంతే అక్కా, పట్టేస్తుంది" అంటే ఒప్పుకోవద్దు.

చవక అని సెకండ్ హ్యాండ్ టైర్లకు ఆశపడకండి. అరిగిన టైరుకు వేడి కత్తితో గాళ్లు చెక్కి, నల్ల రంగు పూసి కొత్తదానిలా చూపించేవాళ్లూ ఉంటారు. లోపల ఎన్ని దెబ్బలు తిన్నదో మనకెలా తెలుస్తుంది?

గాలి సంగతి మరవద్దు

ఎంత మంచి టైరు కొన్నా గాలి సరిగా లేకపోతే దండగే. మన వైపు ఎండాకాలం ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. "ఎండకు టైరు పగులుతుంది, గాలి తగ్గించి పెట్టు" అనేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇది తప్పు మాట. గాలి తక్కువైతే టైరు ప్రతి చుట్టుకూ ఎక్కువగా నలుగుతుంది. నలిగేకొద్దీ లోపల వేడి పుడుతుంది. ఆ వేడికే చాలా టైర్లు పగిలేది. కంపెనీ చెప్పినన్ని పాయింట్లే, టైరు చల్లగా ఉన్నప్పుడు, అంటే పొద్దున్నే బండి తీయకముందు గానీ, ఒకటి రెండు కిలోమీటర్లలోపు గానీ పెట్టించాలి. నిండా జనం, డిక్కీ నిండా సామాను ఉంటే ఎంత పెంచాలో కూడా ఆ కాగితం మీదే ఉంటుంది. పదిహేను రోజులకొకసారి, దూర ప్రయాణానికి ముందు తప్పకుండా చూడాలి. స్టెప్నీకి కూడా!

ఇక మా కథ...

జనవరిలో మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. 2025 ఫిబ్రవరిలో శనగలు అమ్మిన డబ్బు చేతికొచ్చింది. పాపకు బంగారు మురుగులు తేవాలని మా అత్తగారి కోరిక. ప్రొద్దుటూరులో బంగారం అంగళ్ల వీధికి పోవలసినవాళ్లం, ముందు టైర్ల అంగడికి పోయాం. మిగిలిన రెండూ, స్టెప్నీ కూడా మార్చేశాం. అదే సూత్రం ప్రకారం సరికొత్తవి వెనక్కి, ఎండాకాలంలో కొన్నవి ముందుకు వచ్చాయి. చేతిలో మిగిలిన డబ్బుకు వెండి మురుగులే వచ్చాయి.

ఇంటికి రాగానే మా అత్తగారు బుగ్గలు నొక్కుకున్నారు. "ఏమ్మే, పిల్లకు బంగారం తెస్తావనుకుంటే రబ్బరు తెచ్చినావా?" అన్నారు. అక్టోబరులో జరిగింది అప్పటిదాకా ఆమెకు చెప్పలేదు, భయపడతారని. ఆ రోజు కూర్చోబెట్టి చెప్పాను. అంతా విని, ఏమీ అనకుండా లేచి పోయి, గుమ్మడికాయ తెచ్చి కారుకు దిష్టి తీశారు. నాలుగు నిమ్మకాయలు కొత్త టైర్ల కిందా పెట్టారు.

మనమూ కొత్త బండికి నిమ్మకాయలు తొక్కిస్తాం, అద్దానికి దేవుడి బొమ్మ కడతాం. మంచిదే. ఆ నిమ్మకాయ పెట్టడానికి వంగినప్పుడే, ఒక్కసారి టైరు గాడిలో వేలు పెట్టి చూడండి. ఈ ఆదివారం వంట పనయ్యాక ఒక్క పది నిమిషాలు చాలు. ఏమంటారు?

గుర్తుంచుకోండి

* రెండే కొంటే కొత్త జత వెనక ఇరుసుకు.
* గాడి 3 మిల్లీమీటర్లకు వస్తే డబ్బు సర్దుకోవడం మొదలుపెట్టండి. 1.6కు వస్తే బండి తీయకండి.
* ఉబ్బు, చీలిక కనబడితే ఆ రోజే మార్చాలి.
* నాలుగంకెలు చదివి వయసు తెలుసుకోండి. స్టెప్నీది కూడా.
* ఒకే ఇరుసుకు రెండూ ఒకే సైజు, ఒకే రకం.
* గాలి చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ఎండకని తగ్గించకూడదు.
* టైర్లు కొత్తవైనా వానలో వేగం తగ్గించాల్సిందే.